తెల్ల పట్టీలో వక్కంత మచ్చ

ఆ గురువారం పొద్దున ఆరుంబావుకు నేను గడియారం నొక్కాను. ఆరు వందల మీటర్లు, ముప్పై ఎనిమిది సెకన్లు. నోట్‌బుక్‌లో పేరు రాసుకున్నాను: గుల్‌దస్త. సమయం సరిగ్గానే ఉంది. పేరే తప్పు.

ఆ ఒక్క పేరు వల్ల నాలుగేళ్ళ ఆడ గుర్రం ఒకటి కాలు పోగొట్టుకునేదాకా వచ్చింది. దాన్ని కన్నబిడ్డలా చూసుకున్న మా వర్ధన్నపేట మనిషి పని పోగొట్టుకునేదాకా వచ్చింది. ఇది జరిగి పన్నెండేళ్ళు. అంతకుముందు, ఆ తర్వాత కలిపి ఇరవై ఏడేళ్ళు నేను ఒక తెలుగు దినపత్రికకు గుర్రప్పందేల పేజీ రాశాను. ఆ పేజీలో ఏం నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే, నేను చెప్పేది ఆ నాలుగు రోజుల గురించే.

ఈ మధ్య అడిగింది మా అక్క మనవరాలు శ్రావణి. స్టేషన్ ఘన్‌పూర్ పిల్ల. పశువైద్యంలో డిప్లొమా చేసింది. హన్మకొండలో మా ఇంటికి వచ్చి, చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది.

"తాతా, రేసు గుర్రాల దవాఖానల కొలువు పడ్తదట. పోవాల్నా, వద్దా? మా బాపు అది జూదం, ఆడపిల్లకెందుకని లొల్లి చేస్తాండు."

"మీ బాపు చెప్పిన దాంట్ల సగం నిజమే. ముందు చాయ తాగు."

"మిగిలిన సగం?"

మిగిలిన సగమే ఇది.

మిర్చి సంచి నుంచి గుర్రం దాకా

నేను గుర్రాల కోసం పుట్టినవాణ్ణి కాదు. మా నాన్న వరంగల్ బట్టల బజార్లో ఒక దుకాణంలో గుమాస్తా. నాకు తెలిసిన గుర్రమల్లా పెళ్ళికొడుకును మోసేదే. పత్రికలో చేరినప్పుడు నాకిచ్చిన పని మార్కెట్ యార్డులో మిర్చి, పత్తి ధరలు రాయడం. పొద్దున్నే పోయి, తుమ్ముకుంటూ రాసుకుని, మధ్యాహ్నానికి పంపాలి.

అక్కడ ఒక ముసలి ఖరీదుదారు ఉండేవాడు. ఎవరెంత మెచ్చుకున్నా సరే, సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి రెండు కాయలు తీసి, విరిచి, వాసన చూసిగాని మాట్లాడేవాడు కాదు. "మీద కాయను చూసి ధర చెప్పెటోన్ని నమ్మకు బిడ్డా" అని నాకు చెప్పాడు. నేను తలూపి రాసుకున్నాను. రాసుకున్నవన్నీ గుర్తుంటే మనిషికి కష్టాలే ఉండవు.

హైదరాబాద్ ఆఫీసులో రేసుల పేజీ రాసే ఆయనకు కామెర్లు వచ్చాయి. డెస్క్ ఇన్‌చార్జి నరహరి గారు మా వరంగల్ ఎడిషన్‌లో కొన్నాళ్ళు పనిచేసి పోయినాయన. ఆయనే ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, నీకు గుర్రాల గురించి తెలుసా?"

"తెల్వదు సార్."

"మంచిది. తెలిసినవాళ్ళంతా పందెం కాస్తారు. రెండు వారాలు వచ్చి పో."

రెండు వారాలకని పోయి ఇరవై ఏడేళ్ళు ఉన్నాను.

మేం దేన్ని చూస్తాం

బయటివాళ్ళు పందెమంటే ఆదివారం మధ్యాహ్నం రెండు నిమిషాలు అనుకుంటారు. ఆ పని బతికేది పొద్దుటి పూట. తెల్లవారుజామున లాయాల నుంచి గుర్రాలు వరసగా బయటికి వస్తాయి. ఒక్కోదాన్ని దాని సైసు నడిపించుకొస్తాడు. సైసంటే గుర్రాన్ని తోమి, మేపి, దానితోపాటే లేచి దానితోపాటే పడుకునే మనిషి. ట్రాక్ దగ్గర రైడరు ఎక్కి పరుగెత్తిస్తాడు. రేలింగు పక్కన మాలాంటివాళ్ళం ఆరేడుగురం గడియారాలతో నిలబడి, ఏ గుర్రం ఎంత సమయంలో ఉరికిందో రాసుకుంటాం. మర్నాడు అది పేపర్లో వస్తుంది. జనం దాన్ని చూసి పందెం కాస్తారు. యజమానులు దాన్ని చూసి ట్రైనర్లను కోప్పడతారు.

అరవై, డెబ్బై గుర్రాలు. సగానికి పైగా ఒకే ఎర్రటి ఒళ్ళు, నల్లటి జూలు. మసక వెలుతురు. ఏది ఏదని ఎట్లా గుర్తుపడతారని శ్రావణి అడిగింది. నుదుటి మీద చుక్క, కాలికి తెల్ల పట్టీ, నడక తీరు అని పుస్తకాల్లో రాస్తారు. నిజం చెప్పాలంటే, నాలుగైదేళ్ళు గడిచాక మేమెవరం గుర్రాన్ని చూడం. సైసును చూస్తాం. ఫలానా టోపీ వస్తే ఫలానా గుర్రం. అది మా దొంగదారి. అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

గుల్‌దస్తకు నా గుర్తు కొమురయ్య మంకీ క్యాపు. మెరూన్ రంగు. ఎండాకాలంలో కూడా తీయడు. కొమురయ్యది వర్ధన్నపేట పక్క పల్లె. ఒక్క జిల్లా వాళ్ళమని నన్ను అన్నా అనేవాడు. పేపర్లో నేను రాసింది రైడరుతో చదివించుకుని, మర్నాడు తప్పులు పట్టేవాడు.

"అన్నా, 'గుల్‌దస్త ఫర్వాలేదు' అని రాసినవట. ఫర్వాలేదంటే ఏందే? మా వదిన కూర గురించి కూడా గట్లనే అంటవా?"

"అంటే ఉంటదా ఇంట్ల?"

"మరి ఇది కూడ ఆడదే గదా. మంచిగ రాయి."

జాతర వారం

అది మేడారం జాతర జరిగే వారం. మా వైపు సైసులు సగం మంది సెలవు పెట్టి ములుగు బస్సులెక్కారు. కొమురయ్య పోలేదు. గుల్‌దస్త ముందు కుడికాలు వేడెక్కింది. రేసు గుర్రానికి కాలి వెనక నరం దగ్గర వేడి తగిలిందంటే, లోపల ఏదో చిట్లడం మొదలైందని అర్థం. ఆ కాలితో పరుగెత్తిస్తే నరం తెగొచ్చు. తెగితే ఆ గుర్రం కథ అక్కడితో సరి. ట్రైనర్ ఖాదర్ సాబ్ దాన్ని ట్రాక్‌కు తేకుండా లాయంలోనే ఉంచాడు. ఆదివారం పందెం నుంచి తప్పిద్దామనుకున్నాడు.

ఇదేదీ నాకు తెలియదు. గురువారం మసక వెలుతుర్లో మెరూన్ టోపీ వచ్చింది. ఎర్ర గుర్రం, ఎడమ వెనక కాలికి తెల్ల పట్టీ. గడియారం నొక్కాను. అది గుల్‌దస్త కాదు, పక్క లాయంలోని బర్ఖా. దాని సైసు జాతరకు పోతే కొమురయ్య నడిపించుకొచ్చాడు. రెండింటికీ ఒకే కాలికి తెల్ల పట్టీ. కాకపోతే గుల్‌దస్త పట్టీలో, లోపలివైపు, వక్కంత నల్ల మచ్చ ఉంటుంది. పది అడుగులు దగ్గరికి పోయి వంగితే కనపడేది. నేను వంగలేదు.

శుక్రవారం పేపర్లో వచ్చింది: "గుల్‌దస్త అద్భుతమైన ఫామ్‌లో ఉంది."

ఆరోజు పొద్దున ఏడింటికి కొమురయ్య రేలింగు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. టోపీ చేతిలో ఉంది. అతని బట్టతలను నేను చూడటం అదే మొదలు.

"ఏం రాసినవే అన్నా! నిన్న ఉరికింది బర్ఖా. గుల్‌దస్త నాలుగొద్దులాయె బయటికి రాక. కాలు మీద చెయ్యి పెడితే చాయ గ్లాసు లెక్క ఉన్నది. మాలిక్ నీ పేపర్ సూసి ఖాదర్ సాబ్‌కు ఫోన్ల గాయిగాయి చేస్తాండు. 'గుర్రం గంత మంచిగ ఉరుకుతాంటే కాలు నొప్పి అంటవేంది, నాతోని ఆటలాడుతున్నవా' అంటాండు. పదకొండు గొట్టంగ పేరియ్యాలె. ఇయ్యకుంటే గుర్రాన్నే వేరేటోల్లకిస్తడట."

పందేనికి పేర్లు ఇచ్చే గడువు పదకొండు. నా చేతిలో నాలుగు గంటలున్నాయి. ఆ యజమాని కోళ్ళ ఫారాల వ్యాపారి, ఫోన్ నంబరు నా దగ్గరే ఉంది. ఒక్క ఫోన్ చేసి "తప్పు నాది" అంటే అయిపోయేది.

నేను చేయలేదు. ఇది రాయకుండా దాటేయొచ్చు, కానీ రాయకపోతే మిగతాదంతా దండగ. అప్పటికి నాకు "గడియారం సార్" అని పేరు. నా సమయాలు తప్పవని జనం అనుకునేవారు, నేను వాళ్ళకంటే ఎక్కువ అనుకునేవాణ్ణి. నోట్‌బుక్ తిరగేశాను. పక్కన నిలబడ్డ వాళ్ళ కాగితాల్లోకి తొంగిచూశాను. వాళ్ళు కూడా గుల్‌దస్త అనే రాసుంటే బాగుండనుకున్నాను. ఇద్దరు అట్లాగే రాశారు. వాళ్ళూ టోపీనే చూశారు మరి. ఆ సంతోషంలో పదకొండు దాటింది. ఖాదర్ సాబ్ పేరిచ్చేశాడు.

సర్వపిండి

మధ్యాహ్నం నరహరి గారి ముందు నిలబడ్డాను. ఇంతకుముందు ఒకసారి కూడా ఇట్లాగే ఆయన ముందు నిలబడ్డాను. వరంగల్‌లో కొత్తగా చేరినప్పుడు, ఒక ప్రమాదంలో చనిపోయినవాళ్ళ జాబితాలో దెబ్బలు తగిలినవాళ్ళ పేరు ఒకటి కలిపేశాను. సవరణ వేశారు. ఆయన అంతటితో వదల్లేదు. ఆ పేపర్ పట్టుకుని వాళ్ళింటికి పొమ్మన్నాడు. పోయాను. చచ్చిపోయాడని నేను రాసినాయన చేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నువ్వేనా బిడ్డా నన్ను సంపింది? రా కూసో" అన్నాడు. "పొద్దుటి సంది సుట్టాలు ఏడ్సుకుంట వస్తాండ్రు. వచ్చినోల్లకు సర్వపిండి పెట్టలేక మా ఆమె సావొచ్చె. ఇగో, నువ్వూ తిను."

తిన్నాను. ఇంత రుచిగా ఉన్న శిక్ష మళ్ళీ పడలేదు.

ఈసారి నరహరి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"గుర్రానికి సవరణా? ఈ పేజీలో ఎప్పుడూ వెయ్యలేదయ్యా. తప్పింది టైమా, పేరా?"

"పేరే సార్."

"అయితే మనిషికైనా గుర్రానికైనా ఒకటే. రేపు అదే చోట, అంతే అక్షరాల్లో వెయ్యి. మూలకు దాచకు. వేసి, అప్పట్లాగే ఇంటికి పో."

"గుర్రం ఇంటికా సార్?"

"సర్వపిండి పెట్టదులే, పో."

నా పై అధికారుల్లో నాకంటే తెలివైనవాళ్ళున్నారు, పెద్ద పేరున్నవాళ్ళున్నారు. తప్పు చేసినవాణ్ణి పని నుంచి తీసెయ్యకుండా, తప్పు దగ్గరికే మళ్ళీ పంపినవాడు ఆయనొక్కడే.

చెయ్యి ఇటియ్యుండ్రి

శనివారం సవరణ వచ్చింది. నేను పేపర్ తీసుకుని ఖాదర్ సాబ్ లాయానికి పోయేసరికి యజమాని అక్కడే ఉన్నాడు. ఆయన చేతిలో శుక్రవారం పేపరూ, శనివారం పేపరూ రెండూ ఉన్నాయి.

"నువ్వేనా గడియారం సార్? నిన్న ఉరికిందని రాస్తివి, ఇయ్యాల ఉరకలేదని రాస్తివి. ఏది నమ్మాలె నేను?"

"ఇవ్వాళ్టిదే నిజం సార్. నిన్న నేను చూడకుండా రాశాను."

"సూడకుంట రాస్తరా? రాపిస్తే రాస్తరు. గుర్రం మీద జనం ఆశ తగ్గి, మీ పందేలకు రేటు పెరగాలని మీరంత కూడబలుక్కున్నరు." కొమురయ్య వైపు వేలు చూపించాడు. "వీడే గదా రోజూ నీతోని ముచ్చట పెట్టేది? వీడు రేపటి సంది ఈడ కనపడొద్దు. గుర్రం రేపు ఉరుకుతది."

ఆయనను నేను తప్పుపట్టను. నా మాటకు విలువ లేకుండా చేసింది నేనే. మనం ఒకసారి అబద్ధం అచ్చు వేశాక, నిజం కూడా అదే సిరాతో అచ్చవుతుంది. చదివేవాడికి తేడా తెలియదు.

ఖాదర్ సాబ్ నుదురు కొట్టుకున్నాడు. "అరే సాబ్, జర ఠైరో, ఆగుండ్రి..."

కొమురయ్య మాత్రం భయపడలేదు. పని పోయిందని విన్న మనిషి, పని మధ్యలో ఆపిన మనిషిలా లాయం తలుపు తీశాడు. లోపలికి పోయి గుర్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"సార్, నన్ను తీసేయుండ్రి, ఫికర్ లేదు. గని ఒక్కసారి లోపలికి రాండ్రి. గా పేపర్లు పక్కకు పెట్టుండ్రి. చెయ్యి ఇటియ్యుండ్రి."

మూడేళ్ళుగా ఆ గుర్రానికి యజమాని ఆయన. దాంతో ఫోటోలు దిగాడు, కప్పు ఎత్తాడు. కాలును ఒక్కసారీ ముట్టుకోలేదని ఆయన నిలబడ్డ తీరులోనే తెలిసింది. తంతుందేమోనని భయం. కొమురయ్య ఆయన మణికట్టు పట్టుకుని ముందు ఎడమకాలి మీద పెట్టాడు.

"ఇది మంచి కాలు. సల్లగున్నది గదా? ఇప్పుడిది సూడుండ్రి."

చేతిని కుడికాలి మీదికి జరిపాడు. గుర్రం కదల్లేదు, మెడ తిప్పి యజమాని చొక్కా వాసన చూసింది. ఆయన చెయ్యి తీయలేదు. మళ్ళీ ఎడమకాలు, మళ్ళీ కుడికాలు. పౌల్ట్రీ నడిపినవాడికి వేడి ఉన్న ప్రాణి తెలియకుండా ఉంటుందా? మెల్లగా అన్నాడు:

"జరం వచ్చిన కోడి లెక్కనే ఉన్నది."

"కోడికి రేసు ఉండదు గద సార్" అన్నాడు కొమురయ్య.

యజమానికి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాడు. లేచి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, "డాక్టర్ను పిలువుండ్రి" అన్నాడు. రేస్ క్లబ్బు డాక్టరు వచ్చి చూసి, ఆ మధ్యాహ్నమే గుర్రాన్ని పందెం నుంచి తప్పించాడు. కొమురయ్య పని సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పోతూ పోతూ కొమురయ్య నన్ను కూడా లోపలికి పిలిచాడు. "నువ్వూ ముట్టుకో అన్నా. గడియారానికి గిది తెల్వదు." ముట్టుకున్నాను. నిజంగానే చాయ గ్లాసు. ఆ తర్వాత వెనక కాలు దగ్గర వంగి తెల్ల పట్టీలో వక్కంత మచ్చ చూశాను. మిర్చి సంచిలో చెయ్యి పెట్టిన ఆ ముసలాయన గుర్తొచ్చాడు. అన్నేళ్ళుగా మీద కాయను చూసి ధర రాస్తున్నవాణ్ణి నేనే.

"జాతరకెందుకు పోలేదు మరి?" అని అడిగాను.

"మొక్కుకున్న గదా. దీని కాలు తగ్గితే వచ్చే జాతరకు నిలువెత్తు బంగారమిస్తనని."

మేడారంలో అమ్మవార్లకు ఇచ్చే బంగారమంటే బెల్లం. "ఎవరెత్తు? నీదా, గుర్రందా?"

"నాదే! దానిదైతే నాలుగున్నర క్వింటాళ్ళు. ఖాదర్ సాబ్‌ను అమ్మినా రాదు."

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

గుల్‌దస్త ఎనిమిది నెలలు ఊరికే ఉండి, మెల్లగా నడిచి, మళ్ళీ ట్రాక్‌కు వచ్చింది. ఇంకొక్క పందెం గెలిచింది. ఆరోజు పేపర్లో ఎవరు గెలుస్తారన్న నా అంచనాల్లో దాన్ని నాలుగో స్థానంలో వేశాను. కొమురయ్య ఆ పేజీని తన గది గోడకు అంటించి, వచ్చినవాళ్ళకల్లా చూపించాడు. "మా అన్న గింత మంచిగ చెప్తడు." మొక్కిన బెల్లం మాత్రం రెండేళ్ళకు వచ్చిన జాతరలో లెక్క ప్రకారం తూకం వేయించుకుని ఇచ్చొచ్చాడు. ఆ ఏడు బరువు తగ్గడానికి ప్రయత్నించానని నాకొక్కడికే చెప్పాడు.

శ్రావణికి చెప్పింది ఇక్కడా రాస్తాను. ఈ రంగంలో జీతం వచ్చే పనులు చాలా ఉన్నాయి. డాక్టరు, సహాయకులు, నాడాలు కొట్టేవాళ్ళు, రైడర్లు, ట్రైనర్లు, గడియారం పట్టుకునేవాళ్ళు. పందెం కాయడం అందులో ఏ పనీ కాదు. నేను ఒక్కసారి కూడా కాయలేదు. మంచివాణ్ణని కాదు, కాసినవాడి కళ్ళకు గుర్రం తను కోరుకున్నట్టే కనపడుతుంది, అందుకని. మీ బాపు చెప్పిన సగం అదీ.

పొద్దున మూడున్నరకు లేవలేనివాళ్ళు రావద్దు. గుర్రం మీద ప్రేమ ఉంటే చాలనుకునేవాళ్ళు కూడా రావద్దు. అది ఆర్నెల్లలో తన్ని ఆ ప్రేమను పరీక్షిస్తుంది. పెద్ద కార్లో వచ్చేవాడికి ఎక్కువ తెలుసని అనుకోవద్దు. ఆ లాయంలో చదువుకోనివాడు కొమురయ్యే, అడగాల్సినవాడూ అతనే. ఆడపిల్లవని మొదటి నెల అందరూ నీకు దారి చూపిస్తారు. రెండో నెల నుంచి నువ్వే కాలు ముట్టుకుని చెప్పాలి.

"పోతా తాతా" అంది శ్రావణి. పోయింది. పోయిన నెల ఫోన్ చేసి, ఇప్పుడు ప్రతి గుర్రం మెడలో చిప్ ఉంటుందని, చిన్న మిషన్ పెడితే పేరు, ఊరు అన్నీ చెబుతుందని సంబరంగా చెప్పింది. మా కాలంలో అది ఉంటే నాకీ పాఠం దొరికేది కాదు. గుల్‌దస్తకు అది ఉందో లేదో కొమురయ్యకూ తెలియదు.

ఎడమ వెనక కాలు

ఆరేళ్ళ వయసులో గుల్‌దస్తను పందేల నుంచి మాన్పించారు. కొమురయ్య నాట్లకని ఊరికొచ్చిన వారంలో, ఒక వ్యాను వచ్చి దాన్ని ఎక్కించుకుపోయింది. తిరిగిపోయి చూస్తే లాయం ఖాళీ. "వరంగల్ వైపు మంచి మనుషులకే ఇచ్చినం" అన్నాడు యజమాని. ఆ మంచి మనుషుల పేరు ఆయనకు గుర్తులేదు. ఖాదర్ సాబ్ ఇప్పుడు లేడు.

కొమురయ్య కూడా పని మానేసి వర్ధన్నపేటకు వచ్చాడు. మెరూన్ టోపీ అదే, దాంట్లో ఊలు కంటే కుట్లు ఎక్కువ. పందేలు మానిన గుర్రాలు ఊరేగింపులకు చేరతాయని, పెళ్ళి ఊరేగింపు ఎదురైతే చాలు, పెళ్ళికొడుకును వదిలేసి గుర్రం వెనక్కు పోయి వంగుతాడు. బ్యాండువాళ్ళు ఒకసారి అతన్ని దొంగ అనుకున్నారు. ఎక్కడైనా ఎర్ర గుర్రం, ఎడమ వెనక కాలికి తెల్ల పట్టీ కనిపిస్తే నాకు ఫోన్ చేస్తాడు. నేను బస్సెక్కి పోతాను. ఇద్దరం కలిసి వంగి చూస్తాం.

ఇప్పటిదాకా పదకొండు గుర్రాలను చూశాం. బతికుంటే దానికి పదహారేళ్ళు. వక్కంత నల్ల మచ్చ ఇంకా కనపడలేదు.